జర్మనోడి లడాయికి మన జొన్నలెందుకు?

పోయిన ఎండాకాలం ఊళ్లో పాత ఇల్లు విప్పించాం. మాది తుంగతుర్తి వైపు, కాగితాల మీద ఇప్పుడు సూర్యాపేట జిల్లా, మా నోళ్లకు మాత్రం ఇంకా నల్లగొండే. దూలాలు దించారు, మట్టిగోడలు కూల్చారు, పడసాలలో ఒక బండను జేసీబీ లేపగానే కింద చీకటిగా ఒక గొయ్యి. డ్రైవర్ కుర్రాడు బండి ఆపి దిగి తొంగిచూశాడు, లంకెబిందెలనుకున్నాడేమో పాపం. అది గింజలు దాచే పాతర. మనిషి దూరేంత మూతి, లోపల కాగులా వెడల్పు, గోడలకు మట్టీ పేడా కలిపి మెత్తిన పూత, అడుగున నల్లబడిన గడ్డి. పెదనాన్న ఒక దీపం తాడుకు కట్టి దింపి, అది ఆరిపోలేదని చూశాకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చాడు. మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది, తొందరపడి దిగినవాడు పైకి రాడు.

నానమ్మ చెప్పిన పాతర ఇదేనన్నమాట. ఆమె లడాయి రోజుల్లోనే, అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడే, ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. లెవీ గింజల కోసం, అంటే సర్కారు రైతుల దగ్గర బలవంతంగా వసూలు చేసే గింజల కోసం, రెవెన్యూ ఉద్యోగులు గిర్దావరు, పట్వారీ వచ్చేవారట, వెంట ఇద్దరు ముగ్గురు జవాన్లు, ఇనుప చువ్వతో నేల పొడుచుకుంటూ, ఎక్కడ బోలు చప్పుడొస్తే అక్కడ తవ్వించడమే. మా నానమ్మ సరిగ్గా ఈ బండ మీద ఇసుర్రాయి వేసుకుని, పిడికెడు జొన్నలతో, వాళ్లు పోయేదాకా ఇసురుతూనే కూర్చున్నదట. ఆ గరగరలో ఏ చప్పుడు వినిపిస్తుంది! ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒకటే అడిగేది: "జర్మనోడు ఇంకెవరితోనో కొట్లాడితే మన జొన్నలెందుకు తీస్కపోయిండ్రు బిడ్డా?"

డిగ్రీలో హిస్టరీ చదివినవాణ్ని, అయినా ఆమె బతికుండగా సరిగ్గా చెప్పలేకపోయాను. హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు, 1939 సెప్టెంబర్ 1న మొదలైంది అని పరీక్షలో రాసినట్టు చెప్పేవాణ్ని. ఆమె "అయితే?" అనేది. ఆ "అయితే"కు జవాబు ఇప్పుడు రాస్తున్నా.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919లో వర్సాయ్ ఒప్పందం పెట్టారు. భూమి పోయింది, సైన్యాన్ని లక్షకు కుదించారు, నష్టపరిహారం 13,200 కోట్ల గోల్డ్ మార్కులని 1921లో తేల్చారు. 1923కల్లా అక్కడ నోట్ల విలువ చిత్తుకాగితం కంటే హీనమైంది. కాస్త తేరుకుంటుండగా 1929లో అమెరికాలో మొదలైన మాంద్యం జర్మనీదాకా వచ్చి లక్షలమంది పని ఊడగొట్టింది. కోపంగా, ఖాళీ చేతులతో ఉన్న జనానికి ఎవరో ఒకరిని చూపించి వీళ్లవల్లే మీ గతి ఇట్లయిందని చెప్పేవాడు దొరికాడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. వర్సాయ్ ఒక్కదాని వల్లే యుద్ధం వచ్చిందంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే 1938లో మ్యూనిక్‌లో చెకొస్లొవేకియాలో ఒక ముక్క కోసి అతని చేతిలో పెట్టినవాళ్లు ఇంగ్లాండ్, ఫ్రాన్స్ పెద్దమనుషులే. మరుసటేడు ఆగస్టులో స్టాలిన్ కూడా అతనితో ఒప్పందం చేసుకున్నాడు. నెల తిరగకముందే అందులో సగం పోలండ్ పంపకమని లోకానికి అర్థం కావడం మొదలైంది.

బ్రిటన్ సెప్టెంబర్ 3న యుద్ధం ప్రకటించింది, అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడ ఎవర్నీ అడక్కుండానే ఇండియా కూడా యుద్ధంలో ఉందన్నాడు. ఇక ఈ సంగతి మా నానమ్మకు చెప్పి ఉంటే ఎట్లా తిట్టేదో. మరునాడు, అంటే 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటిష్ బాంబర్లు మొదటి దాడి చేశాయి, విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు దగ్గర. అందులో పాల్గొన్న ఒక స్క్వాడ్రన్ పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్! మొదటి యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు కొన్నారని ఆ పేరు. ఆ రోజు కొన్ని బాంబులు ఓడకు తగిలి కూడా పేలకుండా ఎగిరి పడ్డాయి. తోడు వెళ్లిన 107 స్క్వాడ్రన్‌వి ఐదింట్లో నాలుగు వెనక్కి రాలేదు.

తర్వాత రెండేళ్లు యూరప్ కథ మీకు తెలిసిందే, ఫ్రాన్స్ ఆరు వారాల్లో పడిపోయింది, డన్‌కర్క్ నుంచి మూడు లక్షల పైచిలుకు సైనికుల్ని పడవలెక్కించి బయటపడేశారు, 1941 జూన్ 22న హిట్లర్ ఒప్పందం పక్కన పడేసి రష్యా మీదికి పోయాడు. మా జొన్నల సంగతి మాత్రం ఇటు తూర్పున తేలింది.

జపాన్ 1931లోనే మంచూరియా ఆక్రమించింది, 1937 నుంచి చైనాతో పూర్తిస్థాయి యుద్ధంలో ఉంది. కానీ దానికి నూనె లేదు. వాడే పెట్రోలియంలో ఎక్కువ భాగం అమెరికా అమ్మాల్సిందే. 1941 జూలైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి దిగగానే అమెరికా ఆ నూనె ఆపేసింది. చైనా నుంచి తగ్గడమా, డచ్చివాళ్ల ఇండోనేసియా నూనెబావులు గుంజుకోవడమా అని లెక్కేసుకుని, అడ్డమొచ్చే అమెరికా నౌకాదళాన్ని ముందే దెబ్బకొట్టాలని డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద పడింది. ఎంత తెలివైన లెక్కో అంత గుడ్డి లెక్క. విమానవాహక నౌకలు ఆ రోజు రేవులో లేనే లేవు. ఆరు నెలల తర్వాత మిడ్‌వేలో జపాన్ అట్లాంటివే నాలుగు పోగొట్టుకుంది.

ఈలోపు మాత్రం దాన్ని ఆపేవాడు లేడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చిలో రంగూన్, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు. బర్మా పోవడంతో మన దేశానికి వచ్చే బర్మా బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. అటుపక్క లక్షల సైన్యానికి తిండి పెట్టాలి, పట్నాలకు రేషన్ నడపాలి, వ్యాపారులు దాచిపెట్టారు, ధరలు చెట్టెక్కాయి. బెంగాల్‌లో 1943 కరువులో దాదాపు ముప్పై లక్షలమంది చచ్చిపోయారు, అక్కడ తుఫాను కొంత, సర్కారు నిర్వాకం ఎంతో. మన దగ్గర నిజాం సర్కారు ఊరూరా లెవీ పెట్టింది. చట్టం అందరికీ ఒకటేనట గాని వందల ఎకరాల దేశ్‌ముఖ్ లెక్కలు పట్వారీ చేతిలో మాయమయ్యేవి, రెండెకరాల రైతు గరిసె మాత్రం అడుగుదాకా ఊడ్చేవాళ్లు. గ్యాసునూనె లేదు, బట్టకు కంట్రోలు, గింజకు లెవీ. అదీ నానమ్మా, టోక్యోలో నూనె లేకపోతే మన పడసాలలో చువ్వ దిగింది.

జర్మనీని కూడా ఆ నూనే ముంచింది అనిపిస్తుంది నాకు. 1942లో కాకసస్ నూనెబావులకని బయల్దేరిన సైన్యం స్టాలిన్‌గ్రాడ్ దగ్గర ఇరుక్కుపోయింది. సేనాని పౌలస్‌కు 1943 జనవరి 30న ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చాడు హిట్లర్, ఆ హోదాలో జర్మన్ ఎవడూ ఇంతవరకు లొంగలేదు, నువ్వూ చావు అని దానర్థం. అతను మరునాడే లొంగిపోయాడు. దొరికిన తొంభై వేలమందిలో ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేలు. అక్కడినుంచి వెనక్కి నడకే. 1944 జూన్ 6న నార్మండీలో మిత్రసేనలు దిగాయి, అదే ఎండాకాలంలో ఇంఫాల్, కోహిమాల దగ్గర మనవాళ్లు జపాన్‌ను తిప్పికొట్టారు. దారిలో ఒక్కో క్యాంపు తలుపు తెరిచినకొద్దీ అరవై లక్షల యూదుల్ని ఏం చేశారో బయటపడింది. 1945 ఏప్రిల్ 30న హిట్లర్ కాల్చుకుని చచ్చాడు, మే 8న జర్మనీ చేతులెత్తింది.

జపాన్ ఇంకా మూడు నెలలు లాగింది. ఆగస్టు 6న హిరోషిమా, 8న రష్యా యుద్ధ ప్రకటన, 9న నాగసాకి. చక్రవర్తి గొంతు రికార్డు చేసిన డిస్కుల్ని ఎత్తుకుపోవాలని కొందరు ఆఫీసర్లు 14వ తేదీ రాత్రి రాజభవనమంతా వెతికారు, దొరకలేదు. 15న మధ్యాహ్నం రేడియోలో ఆ గొంతు వచ్చింది. అంతకుముందు జనం ఎన్నడూ విని ఎరగరు, పైగా అది దర్బారు భాష, చాలామందికి లొంగిపోయామనే సంగతే అర్థం కాలేదు.

సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో మిస్సోరీ ఓడ మీద సంతకాలు. జపాన్ విదేశాంగ మంత్రి షిగెమిత్సు కొయ్యకాలితో మెల్లగా నడిచొచ్చి సంతకం పెట్టాడు, కెనడా ఆయన ఒక గీత కింద పెట్టేసి వరసంతా చెడగొడితే పెన్నుతో కొట్టేసి దిద్దారు. ఇరవై ఐదు లక్షలమంది సైన్యంలో చేరిన ఇండియాకు ఆ కాగితం మీద విడిగా చోటు లేదు. కానీ ఆ పొద్దు అఖాతంలో లంగరేసిన ఓడల్లో ఆస్ట్రేలియా నావికులు నడిపే ఒక డెస్ట్రాయర్ ఉంది, పేరు నిజాం. మన నవాబు పేరే.

యుద్ధం అయిపోయింది గాని లెవీ ఆగలేదు. భువనగిరిలో 1944లో ఆంధ్ర మహాసభ సమావేశం జరిగినప్పటినుంచే ఊళ్లలో సంఘాలు లేస్తున్నాయి, లెవీ వద్దు, వెట్టి వద్దు అని. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ గూండాలు కాల్పులు జరిపారు, దొడ్డి కొమరయ్య చచ్చిపోయాడు. మా ఊళ్లో గిర్దావరు చువ్వతో రావడం ఆ తర్వాతే మానుకున్నాడట.

పాతర ఉన్నచోటే పిల్లర్ పడుతుందని మేస్త్రీ దాన్ని పూడ్పించాడు. బండను మాత్రం పెదనాన్న పోనివ్వలేదు, వేపచెట్టు కింద వేయించుకుని పొద్దున పేపర్ దానిమీదే కూర్చుని చదువుతున్నాడు.