పాలు పడకపోతే పెరుగు కూడా మానేయాలా?

మా అత్తయ్యకి పాలు తాగితే కడుపుబ్బరం, అందుకని పెరుగు కూడా మానేశారు, నాకైతే చాలా బాధేసింది. పాలల్లో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, దాన్ని అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది, అంతే. తోడు వేశాక బ్యాక్టీరియా రాత్రంతా ఆ లాక్టోజ్‌లో కొంత తినేసి లాక్టిక్ యాసిడ్ చేస్తుంది, పెరుగు గిన్నె వంచినా కదలకుండా గడ్డగా తోడుకునేది, ఆ పులుపు వచ్చేది దానివల్లే, లాక్టోజ్ అలా కొంత తగ్గిపోతుంది కాబట్టే పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. కాల్షియం ఎక్కడికీ పోదు, 100 గ్రాముల పెరుగులో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. గేదె పాలల్లో ఇంకా ఎక్కువే గానీ కొవ్వూ ఎక్కువే, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళు మీగడ తీసేసి తోడేసుకోండి. నెయ్యిలో మాత్రం కాల్షియం దాదాపు ఉండదు, ఎముకల కోసమని నెయ్యి పోసుకోవద్దు ప్లీజ్. పాల ప్రోటీన్ ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఇదంతా వర్తించదు, వాళ్ళకి పెరుగూ వద్దు.