సీఎస్ఐఆర్ నెట్ ఫిజిక్స్: లిక్విడ్ క్రిస్టల్స్‌ని దాటేయకండి

నెట్ ఫిజికల్ సైన్సెస్ సిలబస్‌లో కండెన్స్‌డ్ మ్యాటర్ చివర్లో డిఫెక్ట్స్, లిక్విడ్ క్రిస్టల్ ఆర్డర్ రకాలు అని రెండు చిన్న మాటలుంటాయి. బ్యాండ్ థియరీ, సూపర్ కండక్టివిటీ అయ్యేసరికి ఓపిక అయిపోయి చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. పార్ట్ సీలో ప్రశ్నకి 5 మార్కులు. పెట్టిన టైమ్‌కి నాకు ఇంత గిట్టుబాటైన టాపిక్ మరొకటి లేదు. ఎందుకంటే ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ఒక్కటే: నెమాటిక్‌లో, అంటే పొడవాటి అణువులు ద్రవంలా కదులుతూనే దాదాపు ఒకే దిశకి వాలి ఉండే లిక్విడ్ క్రిస్టల్‌లో, అణువులు సగటున చూపే దిశకి, అంటే డైరెక్టర్‌కి, తలా తోకా తేడా లేదు.

ఆర్డర్ పారామీటర్‌లో, అంటే అణువులు ఎంత బాగా ఒకే దిశలో ఉన్నాయో చెప్పే సంఖ్యలో, కాస్ థీటా (థీటా అంటే అణువుకీ డైరెక్టర్‌కీ మధ్య కోణం) బదులు కాస్ స్క్వేర్ థీటా సగటు వచ్చేది అందుకే. ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లో ఎనర్జీ కూడా ఫీల్డ్ వర్గం మీదే ఆధారపడుతుంది. ఫీల్డ్ తిరగబడినా డైరెక్టర్‌కి తేడా ఉండదు కాబట్టే డిస్‌ప్లేలని ఏసీతో నడపడం కుదురుతుంది.

ఫ్రీడరిక్స్ ట్రాన్సిషన్‌ని, అంటే ఫీల్డ్ ఒక హద్దు (థ్రెషోల్డ్) దాటగానే అణువులు తిరగడం మొదలుపెట్టడాన్ని, మాత్రం కాగితం మీద ఒకసారి మీరే చేయండి. రెండు గాజు పలకల దగ్గర అణువులు కదలవు, మధ్యలోవి ఫీల్డ్ వైపు తిరగాలని చూస్తాయి. ఎలాస్టిక్ ఎనర్జీ పలకల మధ్య మందం వర్గానికి విలోమంగా, ఎలక్ట్రిక్ ఎనర్జీ ఫీల్డ్ వర్గానికి అనులోమంగా ఉంటాయి. రెంటినీ సమానం చేస్తే థ్రెషోల్డ్ ఫీల్డ్ మందానికి విలోమం. వోల్టేజ్ అంటే ఫీల్డ్ ఇంటూ మందం కదా, మందం కొట్టేసుకుపోతుంది! 5సీబీ అనే నెమాటిక్‌కి ఎలాస్టిక్ స్థిరాంకం సుమారు 6 పికోన్యూటన్లు, డైఎలక్ట్రిక్ తేడా (డైరెక్టర్ వెంబడి, దానికి అడ్డంగా ఉన్న విలువల మధ్య) సుమారు 13 వేస్తే 0.7 వోల్టు దగ్గర వస్తుంది. సెల్ 5 మైక్రాన్లైనా 50 మైక్రాన్లైనా అదే. ఈ జవాబు చేతిలో తేలినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ మాక్ టెస్ట్ మార్కుకీ రాలేదు. ఆఫ్ చేశాక వెనక్కి రావడానికి పట్టే టైమ్ మాత్రం మందం వర్గంతో పెరుగుతుంది, ఈ తేడా గుర్తుంచుకోండి.

థ్రెషోల్డ్ దాటాక అణువులు ఇటు వాలినా అటు వాలినా ఎనర్జీ ఒకటే. ఒకచోట ఇటు, పక్కన అటు వాలితే మధ్యలో గోడలాంటి డిఫెక్ట్ మిగులుతుంది. డిస్‌ప్లేల్లో ముందే కొద్ది డిగ్రీల వంపు ఇచ్చేది దాన్ని తప్పించడానికే.

ఇక డిస్‌క్లినేషన్లు, అంటే డైరెక్టర్ దిశ ఇదీ అని చెప్పలేని గీతల్లాంటి డిఫెక్ట్‌లు. తలా తోకా ఒకటే కాబట్టి డిఫెక్ట్ చుట్టూ ఒక రౌండ్ వచ్చేలోపు డైరెక్టర్ 180 డిగ్రీలు తిరిగినా సరిపోతుంది. అదే అర బలం. క్రాస్‌డ్ పోలరైజర్ల మధ్య డైరెక్టర్ ఏ పోలరైజర్‌కి సమాంతరమైనా అక్కడ చీకటి. 180 డిగ్రీల్లో అది రెండుసార్లు జరుగుతుంది, అందుకే మైక్రోస్కోప్‌లో ఒక బిందువు నుంచి రెండు నల్లటి చారలు. నాలుగుంటే బలం ఒకటి. పోలరైజర్లు రెంటినీ కలిపి తిప్పితే చారలు అటే తిరిగితే ప్లస్, ఎదురు తిరిగితే మైనస్. ఎనర్జీ బలం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒకటి బలం రెండు అరలుగా విడిపోతే ఆ లెక్కన ఎనర్జీ సగమవుతుంది.

రకాలకి ఒక సాయంత్రం చాలు: నెమాటిక్, కొలెస్టరిక్ (డైరెక్టర్ మెలి తిరుగుతూ పోయేది), స్మెక్టిక్ ఏ, సీ (అణువులు పొరలుగా, ఏలో నిటారుగా, సీలో వాలి ఉండేవి), ఆపైన 1977లో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్. చంద్రశేఖర్ బృందం కనుక్కున్న డిస్క్ ఆకారపు అణువులు స్తంభాలుగా పేర్చుకునే కాలమ్నార్ ఫేజ్. ఒక్కోదాని పక్కన ఎన్ని దిశల్లో స్థాన క్రమం ఉందో రాసుకోండి: నెమాటిక్‌కి సున్నా, స్మెక్టిక్‌కి ఒకటి, కాలమ్నార్‌కి రెండు.