అమ్మమ్మ చెప్పిన వరద కథ

పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమంలో చదువుతున్న మా మేనకోడలికి ఈ సెలవుల్లో తెలుగు అలంకారాలు నేర్పడానికి కూర్చున్నాను. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అంటూ ఉపమకున్న నాలుగు అంగాలనూ వరసగా చెప్పాను. పిల్ల తల ఊపింది కానీ, ఆ కళ్లలో వెలుగు కనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, మహేంద్రతనయ నదికి వరద వచ్చిన రాత్రి సంగతి ఎత్తుకుంది. "అప్పటికే ఆవు పలుపు తెంపీసుకుంది" అన్నది ఆమె మొదటి మాట. వాన ఎప్పుడు పట్టుకుందో, ఇంట్లో ఎవరెక్కడ ఉన్నారో అన్నీ ఆ తరువాతే వచ్చాయి. కథను నడుమ అందుకొని వెనక్కి తీసుకువెళ్లే ఈ పద్ధతికి శాస్త్రంలో ఏ పేరుందో ఆమె ఎరగదు గానీ, వినేవాళ్ల ఊపిరి ఎక్కడ బిగుస్తుందో ఆమెకు బాగా తెలుసు.

"నీళ్లు పాములా గుమ్మం దాటీసేయి" అంది. కాసేపాగి, "ఏరు మా ఇల్లే వెతుక్కుంటూ వచ్చిందేమో అనిపించింది" అంది. మొదటిది పోలిక కాబట్టి ఉపమ, రెండవది ఊహ కాబట్టి ఉత్ప్రేక్ష అని నేను చెప్పబోయేలోగా, "పాము కంటే వెతుక్కోవడమే ఎక్కువ భయం వేసింది, ఎందుకు మావయ్యా?" అని పిల్ల అడిగింది. పోలికలో నీరు నీరుగానే ఉంటుందనీ, ఊహలో దానికొక మనసూ ఉద్దేశమూ వచ్చేస్తాయనీ చెప్పాను.

రేపు రూపకం చెప్పాలి. అంతకన్నా ముందు, పలుపు తెంచుకున్న ఆవు ఏమైందో అమ్మమ్మను అడగాలని పిల్ల పట్టుబట్టింది.