హబీబ్ ఊరి నుంచి వచ్చానంటే చాలు

2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం పోయారు. ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ పోయారు. ఒకరిది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, ఇంకొకరిది హైదరాబాద్. ఇద్దరూ దేశానికి ఫుట్‌బాల్ ఆడినవాళ్లు, ఇద్దరినీ కోల్‌కతా నెత్తిన పెట్టుకుంది. మా ఆఫీసులో ఆ పేర్లు ఎత్తితే ‘ఎవరు వాళ్లు?’ అన్నారు. ఆ మాట నాకు చాలా బాధేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ టోర్నీలో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఫైనల్‌కి చేరింది. నార్త్‌ఈస్ట్ యునైటెడ్ మీద 0-2తో వెనకబడి, చివరి నిమిషాల్లో సమం చేసి, పెనాల్టీల్లో గెలిచింది. రెండో సెమీస్‌లో కోల్‌కతాకే చెందిన మోహన్ బగాన్ ఎఫ్‌సీ గోవాని కొడితే ఫైనల్‌కి పాత ప్రత్యర్థులే. ఆ మ్యాచ్ ఇంకా జరగకముందే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి తత్కాల్ టికెట్ తీసుకున్నాను. రాత్రి మోహన్ బగాన్ 2-1తో గెలిచిందని తెలిశాక గానీ నిద్ర పట్టలేదు.

కోల్‌కతాలో నా పాత సహోద్యోగి ఇంట్లో దిగాను. వాళ్ల తాతగారు దేశ విభజనప్పుడు ఢాకా వైపు నుంచి వచ్చినవారు. అలా వచ్చినవాళ్లని అక్కడ బాంగాల్ అంటారు, వాళ్లది ఈస్ట్ బెంగాల్. ముందునుంచీ పశ్చిమ బెంగాల్లో ఉన్నవాళ్లు ఘొటీలు, వాళ్లది మోహన్ బగాన్. ఇప్పుడు ఈ గీత అంత గట్టిగా లేదంటారు గానీ, మా వాడి ఇంట్లో మాత్రం చెక్కు చెదరలేదు. మ్యాచ్ టికెట్ కోసం పాపం శనివారమంతా ఊరి నడుమ ఉన్న మైదాన్‌లో క్లబ్ టెంట్ దగ్గర క్యూలో నిలబడ్డాడు.

ఫైనల్ రోజు, ఆదివారం పొద్దున నన్ను అక్కడికే తీసుకెళ్లాడు. కోల్‌కతా ఫుట్‌బాల్ చూడాలనుకునేవాళ్లు స్టేడియం కంటే ముందు మైదాన్‌కి వెళ్లాలి. పచ్చటి చెట్ల మధ్య క్లబ్బుల గ్రౌండ్లు, పక్కనే టెంట్లు. పేరుకి టెంట్లే గానీ ఇప్పుడవి కట్టడాలు. క్యాంటీన్‌లో స్టూ, టోస్ట్ తినాలి. పల్చటి చికెన్ స్టూ, అందులో ఒక బంగాళాదుంప ముక్క, క్యారెట్, పైన మిరియాల పొడి. గ్లాసులో చాయ్. మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఎక్కడి నుంచి అని హిందీలో అడిగారు. హైదరాబాద్ అన్నాను. ఆయన చేతిలోని చెంచా ప్లేట్లో పెట్టేసి, ‘హబీబ్ ఊరు!’ అన్నారు.

ఇక ఆగలేదు. హబీబ్ పొట్టి మనిషే అయినా బంతి కోసం ఎంత ఎత్తు మనిషి మీదికైనా వెళ్లేవారట. తమ్ముడు అక్బర్‌తో కలిసి ఆడితే చూడముచ్చటగా ఉండేదట. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్, కోల్‌కతా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడారు కాబట్టి ఆయన మీద ఎవరికీ కోపం లేదు. 1977లో పీలే న్యూయార్క్ క్లబ్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసింది, అందులో ఒక గోల్ హబీబ్‌ది. ఆ మ్యాచ్‌ని పెద్దాయన నిన్న చూసినట్టు చెప్పారు. అవతలి బల్ల నుంచి ఇంకొకాయన కలగజేసుకుని, ‘మీ పోలీసులు మమ్మల్ని ఎన్నిసార్లు ఏడిపించారో’ అన్నారు. ఆయన మోహన్ బగాన్ మనిషి. నిజమే మరి. 1950 డ్యూరాండ్ ఫైనల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించింది. 1961లో ఆంధ్రా పోలీస్ మళ్లీ అదే పని చేసింది. ఆ హైదరాబాద్ జట్టుని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కి స్వర్ణం తెచ్చిపెట్టారు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదువుకున్న సంగతులు. అక్కడివాళ్లకి కుటుంబ జ్ఞాపకాలు.

డ్యూరాండ్ 1888లో సిమ్లాలో సైనికుల టోర్నీగా మొదలైంది. ఆసియాలో ఇంతకంటే పాత ఫుట్‌బాల్ టోర్నీ లేదు. ఆ రోజుకి రెండు క్లబ్బులూ చెరో 16 సార్లు గెలిచి ఉన్నాయి. పదిహేడోది ఎవరికి? మెట్రోలో ఇదే గోల. సియాల్దాలో గ్రీన్ లైన్ ఎక్కితే సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. ఒకే పెట్టెలో ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు జెర్సీలు, మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్ జెర్సీలు. ఒకళ్ల మీద ఒకళ్లు పాటలు. స్టేషన్ బయటికి రాగానే పోలీసులు రెండు దారులుగా విడగొట్టారు. గేటు దగ్గర నీళ్ల సీసాలు తీయించేశారు. బెంగాలీల భాద్ర మాసం ఉక్కకి లోపలికి వెళ్లేసరికే చొక్కా తడిసి ముద్దయింది.

ఇదే స్టేడియంలో 1997లో ఈ రెండు జట్ల ఫెడరేషన్ కప్ సెమీస్‌కి లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఇప్పుడు కుర్చీలు వేశాక అంతమంది పట్టరు. అయినా ఆ హోరు నేను ఏ క్రికెట్ మ్యాచ్‌లోనూ వినలేదు. క్రికెట్‌లో ఓవరు ఓవరుకీ ఊపిరి పీల్చుకునే వీలుంటుంది, ఇక్కడ అది లేదు.

మొదటి సగం టెన్షన్‌తోనే గడిచింది, గోల్ లేదు. ఆగస్టు 12న ఇదే టోర్నీ గ్రూపు మ్యాచ్‌లో నందకుమార్ గోల్‌తో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది. డర్బీలో, అంటే ఈ రెండు జట్ల పోరులో, నాలుగున్నరేళ్ల తర్వాత దక్కిన విజయం అది. అందుకే నందకుమార్ కాలికి బంతి తగిలినప్పుడల్లా మా స్టాండ్ మొత్తం లేచి నిలబడేది. 62వ నిమిషంలో మోహన్ బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపా కాలు బాగా ఎత్తాడు, అది ఈస్ట్ బెంగాల్ ఆటగాడు సివెరియోకి తగిలింది. రెండో ఎల్లో కార్డు, ఇక బయటికే. పది మందే మిగిలారు. నా ముందు వరసలో ఒక బామ్మగారు, ఎరుపు-పసుపు అంచు చీర, మనవడి భుజం పట్టుకుని ఎగిరారు. ఇక కప్పు మనదే అన్నాడు మా వాడు.

తొమ్మిది నిమిషాలు గడిచాయి. మోహన్ బగాన్ ఆటగాడు పెట్రాటోస్‌కి బంతి దొరికింది. కుడి వైపు నుంచి ఒక్కడే పరిగెత్తుకొచ్చాడు. అడ్డుకోవాల్సినవాళ్లు ఎదురెళ్లకుండా వెనక్కి తగ్గుతూనే పోయారు. బాక్స్ బయటి నుంచే ఎడమ కాలితో కొట్టాడు. మా గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ దూకాడు గానీ అందలేదు. ఎదుటి స్టాండ్‌లో పొగ, జెండాలు, చెప్పలేని అరుపులు. మిగిలిన సమయమంతా ఈస్ట్ బెంగాల్ దాడి చేస్తూనే ఉంది. పది మందితో మోహన్ బగాన్ ఆ ఒక్క గోల్‌నీ కాపాడుకున్న తీరు మాత్రం మెచ్చుకోవాల్సిందే. నేను కూర్చున్నది ఓడినవాళ్ల మధ్య, అయినా ఈ మాట చెప్పి తీరాలి. 2000 తర్వాత వాళ్లకి మళ్లీ డ్యూరాండ్ దక్కింది.

గెలిస్తే వండుకుందామని మా వాడి ఇంట్లో పొద్దున్నే ఇలిష్ కొని పెట్టారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలు, ఆ రోజు బజార్లో వాటికే గిరాకీ. ఇలిష్ అంటే మన గోదారి పులసే. ఓడినా వండారు. ఆవపిండి వేసి చేసిన ఆ పులుసు ముందు కూర్చుని, థాపా కార్డు తర్వాత ఎక్కడ తప్పు జరిగిందో రాత్రి పన్నెండు దాకా తండ్రీకొడుకులు వాదించుకున్నారు.

మర్నాడు హౌరాలో లోకల్ ఎక్కి హుగ్లీ ఒడ్డునున్న ఉత్తరపాడాకి వెళ్లాను. 1961లో ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెన్‌గా ఉన్న బలరాం చివరిదాకా ఉన్న ఊరు అది. స్టేషన్ దగ్గర టీ కొట్టులో ఆయన పేరు చెప్పాను. అప్పట్లో భారత జట్టుకి కలిసి ఆడిన చూనీ, పీకే, బలరాం ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న చర్చ వెంటనే మొదలైంది. చూనీ గోస్వామి అన్నారు ఒకరు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిందెవరు మరి, బలరాం కాదా అన్నారు ఇంకొకరు. నన్ను కూడా అడిగారు. బలరాం అన్నాను. ‘మీ ఊరివాడు కాబట్టి మీ ఓటు చెల్లదు’ అని చూనీ అభిమాని కొట్టిపారేసి, నాకు ఇంకో చాయ్ చెప్పారు.