ఆరో వారం చెకప్‌లో పరుగు సంగతి ఎవరూ చూడరు

కాన్పు తర్వాత పరిగెత్తుతుంటే మూత్రం పడిపోతోందన్న మాట మా రన్నింగ్ గ్రూపులో ఎవరూ పైకి అనరు. మోకాలి నొప్పి గురించి, నల్లబడి ఊడిపోయిన కాలిగోరు గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. ఎవరైనా ధైర్యం చేసి పక్కకు పిలిచి చెప్పుకుంటే, "పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదేలే అక్కా, ప్యాడ్ పెట్టుకుని పరిగెత్తు" అని తేల్చేస్తారు. ఆ మాటతోనే నా పేచీ. చాలామందికి ఉంటుంది, నిజమే. అంతమాత్రాన భరిస్తూ కూర్చోవాల్సిన పని లేదు. దానికి చికిత్స ఉంది, ఎక్కువమందికి గుణం కనిపిస్తుంది కూడా.

నేను పతకాల కోసం పరిగెత్తే మనిషిని కాదు. ఉద్యోగానికి వెళ్లే ముందు ఓ గంట, సెలవు రోజున కాస్త ఎక్కువ దూరం, వీలైతే ఏడాదికో హాఫ్ మారథాన్. నాలాంటి వాళ్లకి కోచ్ ఉండడు, టీమ్ డాక్టర్ ఉండడు. కడుపుతో ఉన్నప్పుడు ఎంతవరకు పరిగెత్తాలో, కాన్పయ్యాక ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరికి వాళ్లం తెలుసుకోవాల్సిందే.

కడుపుతో ఉన్నప్పటి సంగతి కొంత నయం, జవాబులు దొరుకుతాయి. అమెరికాలో గైనకాలజిస్టుల సంఘం 1985లో గర్భిణుల గుండె వేగం నిమిషానికి 140 దాటకూడదని చెప్పింది. 1994లో ఆ అంకెను తనే తీసేసింది. అయినా ఇప్పటికీ ఆ 140 పట్టుకుని భయపెట్టేవాళ్లు తగులుతూనే ఉంటారు. అదే సంఘం 2020లో ఇచ్చిన సలహా ప్రకారం, గర్భంలో ఇబ్బందులేమీ లేకపోతే వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలి. ముందునుంచీ పరుగు అలవాటున్నవాళ్లు డాక్టరుకు చెప్పి కొనసాగించవచ్చు.

గుండె వేగం చూపించే వాచీని మాత్రం పక్కన పెట్టేయాల్సి వచ్చింది. గర్భంలో ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి 10, 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటప్పుడు గుండె వేగాన్ని బట్టి ఎంత శ్రమపడుతున్నామో వాచీ చూపించే జోన్లకు అర్థం లేదు. పరిగెత్తుతూ మాట్లాడగలుగుతున్నామా లేదా, అదొక్కటే లెక్క. నేను లోపలి బిడ్డతో మాట్లాడేదాన్ని. ఎదురొచ్చిన కుక్క గురించి, రాత్రి పడ్డ వాన గురించి, ఏది తోస్తే అది. మాట పూర్తికాకుండానే ఊపిరి అందకపోతే నడకలోకి దిగేదాన్ని. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, పిక్క వాచి నొప్పెట్టినా ఇంకేమీ ఆలోచించకుండా ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆరో నెల దాటాక కిందికి లాగుతున్నట్టు బరువుగా అనిపించడం మొదలైంది. పరుగు ఆపి నడకకు మారాను. 2014లో అలీసియా మొంటానో 34 వారాల గర్భంతో అమెరికా జాతీయ పోటీల్లో 800 మీటర్లు పరిగెత్తింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆమె చేసింది కదా అని మనమూ చేసి తీరాలని ఎక్కడా లేదు.

అసలు ఇబ్బంది కాన్పు తర్వాతే. ఆరో వారం చెకప్‌లో బీపీ చూశారు, కుట్లు చూశారు, గర్భసంచి సర్దుకుందో లేదో చూశారు. "అంతా బాగుంది, ఇక మామూలు పనులు చేసుకోవచ్చు" అన్నారు. "పరుగు?" అనడిగాను. "ఆఁ, మెల్లగా మొదలెట్టండి" అన్నారు. అయిపోయింది. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆ పరీక్ష చూడాల్సినవి చూసింది. కానీ పరుగు బరువును మోసే కండరాలు ఎలా ఉన్నాయో ఆ గదిలో ఎవరూ చూడలేదు, చూడాలని అనుకోలేదు కూడా.

ఆ కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరను కిందినుంచి జోలెలా పట్టుకుని ఉంటాయి. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ మన బరువుకు రెండు, రెండున్నర రెట్ల తాకిడి పైకి వస్తుంది. మామూలు కాన్పులో విపరీతంగా సాగిన ఆ కండరాలు మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. సిజేరియన్ అయినవాళ్లు "మాకు కింద ఏమీ కాలేదు కదా" అనుకుంటారు. తొమ్మిది నెలలు మోసిన బరువు వాళ్లూ మోశారు. పైగా ఆరు వారాలకు పొట్ట గోడలో కోసి కుట్టిన పొరకు వచ్చే బలం మునుపటి బలంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే.

2019లో టామ్ గూమ్, గ్రాన్యా డానెల్లీ, ఎమా బ్రాక్‌వెల్ అనే ఫిజియోథెరపిస్టులు ఈ విషయం మీద మార్గదర్శకాలు రాశారు. ఎంత త్వరగా అనుకున్నా కాన్పయ్యి మూడు నెలలు నిండకముందు పరుగు వద్దన్నారు. మూడు నెలలు నిండగానే పరిగెత్తేయమని కూడా అనలేదు. ముందు ఇవన్నీ చేయగలగాలి: అరగంట నడవాలి, ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడాలి, ఒంటికాలి మీద 10 సార్లు కూర్చుని లేవాలి, ఉన్నచోటే నిమిషం పాటు జాగింగ్ చేయాలి, ఒక్కో కాలి మీద 10 సార్లు గెంతాలి. వీటిలో దేనికీ నొప్పి, కిందికి బరువు లాగడం, మూత్రం కారడం ఉండకూడదు.

నేను పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియో కోసం వెతుక్కుని వెళ్లాను. ఆవిడ గ్లవ్స్ వేసుకుని లోపల వేలితో పరీక్ష చేస్తూ, "బిగించండి" అన్నారు. బిగించాను. "ఇప్పుడు వదలండి." వదిలాననే అనుకున్నాను. "బిగించడం బాగానే ఉందమ్మా. వదలడమే సగంలో ఆగిపోతోంది" అన్నారు. ఎప్పుడూ సగం బిగిసి ఉన్న కండరానికి, పాదం నేలను తాకే ఆ క్షణంలో ఇంకా బిగిసే అవకాశం ఉండదట. అందుకే కారుతుందట. నాకిచ్చిన మొదటి వ్యాయామం ఊపిరే. పక్కటెముకలు విచ్చుకునేలా గాలి పీలుస్తూ కింద పూర్తిగా వదిలేయడం, గాలి వదులుతూ మెల్లగా పైకి లాక్కోవడం. పాపకు పాలిస్తూ కూడా చేసుకునేదాన్ని. తర్వాత పిర్రల బలానికి, పిక్కల బలానికి వ్యాయామాలు వచ్చి చేరాయి. మొదటిసారి ఎడమ కాలి మీద గెంతినప్పుడు ఒక చుక్క మూత్రం పడింది. ఆవిడ తొణకలేదు. రాసుకుని, "ఇంకొన్ని వారాలు" అన్నారు.

ఆ వారాలే కష్టం. మా ఆయనా రన్నరే. పాప పుట్టిన కొద్ది రోజులకే ఆయన మళ్లీ పరుగు మొదలుపెట్టారు. పొద్దున్నే గుమ్మం దగ్గర ఆయన లేసులు బిగించుకునే చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు ఆ మాటే చెప్పేశాను. అప్పటినుంచి నా వ్యాయామాల టైమూ పరుగు టైమే అని ఒప్పందం. ఆ ముప్పావుగంట పాప ఏడ్చినా ఆయనే చూసుకుంటారు. రాత్రంతా నిద్ర లేకపోతే ఆ పొద్దున ఎవరి వంతైనా సరే, పరుగు కన్నా నిద్రే ముందు.

నిద్ర మీద ఇంత పట్టుదలకు కారణం ఉంది. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకల సాంద్రత 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. పాలు మాన్పించాక తిరిగి వస్తుంది. ఈలోపు తిండి చాలక, నిద్ర చాలక, పరుగూ తోడైతే ఎముకకు సన్నటి పగులు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో బిడ్డను కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచిందని అందరూ చెబుతారు. మధ్యలో ఆమె నడుము కింది ఎముకలో అలాంటి పగులే వచ్చిందన్న సంగతి ఎవరూ చెప్పరు. ఒక మోస్తరు పరుగు వల్ల పాలు తగ్గవు, ఆ టెన్షన్ అక్కర్లేదు. కడుపునిండా తినాలి, అంతే. బయలుదేరే ముందు బిడ్డకు పాలిచ్చేస్తే రొమ్ముల బరువు తగ్గి ఒంటికి హాయిగా ఉంటుంది. జాగింగ్ స్ట్రోలర్ ఉన్నా, బిడ్డకు మెడ నిలిచి కనీసం ఆరు, ఎనిమిది నెలలు నిండేదాకా దానితో నడకే, పరుగు వద్దు.

మీకు ఆరో వారం చెకప్ దగ్గర పడుతుంటే, "పరిగెత్తొచ్చా?" అని అడగకండి. "నాకు పెల్విక్ ఫ్లోర్ పరీక్ష కావాలి, ఫిజియోకు రాసివ్వండి" అనండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, పాపను ఎత్తుకుని లేచినప్పుడు ఏమవుతోందో ముందే రాసుకుని వెళ్లండి. అక్కడ సిగ్గుపడి "ఏమీ లేదండీ" అనకండి.