కాగితాలు పక్కన పెట్టించాం

"అన్నా, ఈ చెంబు వాడి చేతికియ్యాలా, కింద పెట్టాలా?" అని తల్లి వేషం వేసే అమ్మాయి అడిగేసరికి రిహార్సల్ ఆగిపోయింది.

ఒంగోలులో మా జూనియర్ల నాటకం. ఇవాళే స్క్రిప్టులు చేతుల్లోంచి తీయించాం. డైలాగులన్నీ నోటికొచ్చు, కానీ ఖాళీ చేతుల్ని ఏం చేయాలో ఎవరికీ తెలియట్లా.

"మీ అమ్మ ఏం చేస్తుందో అది చెయ్" అన్నా. సుద్దముక్కతో గీసిన గడప దాకా వచ్చి, చెంబు కొడుకు చేతిలో పెట్టి, తడి చేయి చున్నీకి తుడుచుకుంది. స్క్రిప్టులో లేదది. ఊరొదిలి చాన్నాళ్లకి ఇంటికొచ్చిన కొడుకు కదా, వాడు గటగటా తాగేసి, ఆమె మొహం చూసి, అప్పుడు మాట్లాడాడు. ఇన్నాళ్లూ తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాడు, ఇవాళ ఆమె మాట విన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది.

మన జిల్లా ఎవరి పేరు మీదుందో ఆ టంగుటూరి ప్రకాశం గారు కూడా చిన్నతనంలో ఈ ఒంగోల్లోనే నాటకాలాడారు, ఆడవేషాలు కూడా కట్టారు. ఈ పిల్లలకి ఆ సంగతి చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు.

గొంతులు మాత్రం ఇంకా లేవాలి. అరవమని కాదు, వాక్యం చివర మింగేయకుండా పలికితే చాలు, ఆఖరి వరసకీ చేరుతుంది.

రేపట్నుంచి ఆ అమ్మాయిని చీరలోనే రమ్మన్నా. కొంగుంటే నడక మారుతుంది, ఆ చేయి తుడుచుకోవడం కూడా మారుతుంది. చూడాలి.