ఒక ఇటాలియన్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను

మేం పదిహేను మందిమి నెలకోసారి ఒకరింట్లో చేరి సినిమా చూస్తాం. ఈసారి బెర్టొలూచి 1970లో తీసిన 'ది కన్ఫర్మిస్ట్' అనుకున్నాం. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేగం అందుకోలేని పెద్దవాళ్ళు మాలో నలుగురున్నారు. వాళ్ళకోసం తెలుగులో నేను రాస్తానన్నాను. వారం పని అనుకున్నది ఆరు వారాలు పట్టింది.

టైపింగ్ తంటాలు త్వరగానే తీరాయి. ఫైల్‌ని తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయకపోతే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వచ్చాయి. కింది ఒత్తులు తెర అంచున తెగిపోతుంటే లైన్లు కాస్త పైకి జరిపాను.

అసలు కష్టం పేరు దగ్గరే మొదలైంది. కన్ఫర్మిస్ట్ అంటే అందరూ నడిచే దారిలోనే నడిచేవాడు. 'నలుగురితో నారాయణ' అన్న మాట నాలుక మీదే ఉంది. కానీ ఆ మాట మనం ఎవర్నీ తప్పుపట్టడానికి అనం, సర్దిచెప్పడానికి అంటాం. కథానాయకుడు మార్చెల్లో క్లెరీచీకి అంత దయ చూపించడం నాకు చేతకాలేదు. హనీమూన్ పేరుతో భార్యను పారిస్ తీసుకెళ్ళి, తనకు ఒకప్పుడు పాఠం చెప్పిన ప్రొఫెసర్ క్వాద్రి హత్యకు దారి చూపించినవాడతను. ఇటలీలో ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం కోసం ఆ పని చేశాడే గానీ, ఫాసిజం మీద అతనికి పెద్ద నమ్మకమేం లేదు. చిన్నతనంలో తన మీద జరిగిన లైంగిక దాడి, ఆ మనిషిని కాల్చి చంపేశానన్న భయం, తను అందరిలాంటివాణ్ణి కాదేమోనన్న బెంగ. ఆ బెంగ తీర్చుకోవడానికే పెళ్ళి, ఉద్యోగం, పార్టీ. అతను కోరుకునే 'నార్మల్'కి 'సాధారణం', 'సహజం' అని రాసి కొట్టేశాను. 'మామూలు మనిషి' అని రాశాక కుదిరింది. పేరు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచేశాను.

ఎవరు ఎవర్ని 'మీరు' అనాలి, ఎవర్ని 'నువ్వు' అనాలి అని తేల్చుకుంటుంటే ఒక సంగతి తెలిసింది. ఇటాలియన్‌లో 'మీరు' అని మర్యాదకు వాడే 'లేయి' మానేసి 'వోయి' అనాలని ముస్సోలినీ ప్రభుత్వం 1938లో ఒత్తిడి తెచ్చింది. పక్కవాణ్ణి ఎలా పిలవాలో కూడా వాళ్ళే చెప్పారు. అంతకు ముందు, 1931లో, యూనివర్సిటీ ప్రొఫెసర్లంతా ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. సుమారు 1,200 మందిలో కాదన్నవాళ్ళు డజనుకు అటూ ఇటూ. మిగతావాళ్ళందరూ ఫాసిస్టులే అయి ఉండరు. ఇల్లుంది, పిల్లలున్నారు, జీతం రావాలి. అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో, తోటి లెక్చరర్ మీద రాసిన ఒక ఫిర్యాదు నా ముందుకొస్తే, అందులో సగం అబద్ధమని తెలిసీ సంతకం పెట్టాను. అందరూ పెట్టారు.

చివరి ఘట్టం రాయడం తేలిక. 1943 జులై 25, ముస్సోలినీ పడిపోయిన రాత్రి. తను చంపాననుకున్న మనిషి బతికే కనిపిస్తాడు. మార్చెల్లో అతన్ని 'హంతకుడు, ఫాసిస్టు' అని వేలెత్తి చూపిస్తాడు. ఆ తర్వాత, పక్కనే ఉన్న కళ్ళు లేని స్నేహితుణ్ణి, ఇతాలోని, అలాగే గుంపుకి పట్టిస్తాడు. జనం ఎటు తిరిగితే అటే అతనూ.

నేను ఆగిపోయింది అడవి సీన్ దగ్గర. కళ్ళ ముందే భర్తను పొడిచి చంపితే, క్వాద్రి భార్య అన్నా పరుగున వచ్చి మార్చెల్లో కూర్చున్న కారు అద్దాన్ని బాదుతుంది, అరుస్తుంది. అతను తలుపు తీయడు. చూస్తూ కూర్చుంటాడు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని ఆ సీన్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో. రాయడానికి అతని మాట ఒక్కటీ లేదు.

సినిమా వేసిన రోజు సరిగ్గా అక్కడే, ముందు వరసలో ఉన్న పెద్దాయన నా వైపు తిరిగి, "టైటిల్స్ ఆగిపోయినట్టున్నాయి, చూడమ్మా" అన్నారు.

"ఆగలేదండీ," అన్నాను. "అక్కడ అతను ఏమీ మాట్లాడడు."